ఇంటికో వెచ్చని చోటు

చలికాలం రాగానే అటక మీది రగ్గులు కిందికి దిగుతాయి, బీరువాలోని స్వెట్టర్లు బయటికొస్తాయి. ఒంటి గురించి ఇంత ఆలోచించే మనం ఇంటి గురించి మాత్రం ఆలోచించం. ఎండను తట్టుకోవడానికి కట్టుకున్న ఇంటిని ఈ రెండు నెలలకూ వెచ్చగా, కళకళలాడేలా మార్చుకోవచ్చు. అందుకు హీటరు కంటే ముందు కావలసింది చిన్న సర్దుబాటు.

తెలుగు నేల మీద ఇల్లు కట్టే మనిషి ఆలోచనంతా ఎండ చుట్టూనే తిరుగుతుంది. కాళ్లకు చల్లగా తగలాలని తాండూరు బండలో, బేతంచర్ల బండలో, లేదంటే నున్నటి టైల్సో పరుస్తాం. గాలి ఆడాలని ఎదురెదురుగా కిటికీలు పెడతాం. గదికో ఫ్యాను బిగిస్తాం. ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కపోతతోనే గడిచే చోట ఈ లెక్క తప్పు కాదు. అయితే కార్తీకం దాటి మార్గశిరం వచ్చేసరికి అవే ఏర్పాట్లు మనకు ఎదురు తిరుగుతాయి. హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రుల సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, కొన్ని రాత్రులు పది కంటే కిందికి జారుతుంది. 1946 జనవరిలో ఇదే నగరం 6.1 డిగ్రీలు చూసింది. ఆదిలాబాద్ వైపు, అరకు, లంబసింగి కొండల్లో చలి ఇంకా ఎక్కువ. ఐరోపా చలితో పోలిస్తే ఇవి పెద్ద అంకెలు కావు. కానీ అక్కడి ఇల్లు చలికోసమే కట్టిన ఇల్లు. మనది కాదు. బయట చలి తక్కువే అయినా లోపల మనం ముడుచుకుని కూర్చోవడానికి కారణం ఇదే.

దీనికి విరుగుడుగా ఇల్లంతా వేడి చేయాలనుకోవడం మన ఇళ్లకు గానీ, మన చలికి గానీ, మన జేబుకు గానీ సరిపడే ఆలోచన కాదు. ఇంట్లో ఒక్క చోటు ఎంచుకుని, దాన్ని వెచ్చగా, వెలుతురుగా, నలుగురూ కలిసి కూర్చునేలా అమర్చుకోవడమే మనకు తగిన పద్ధతి. వెచ్చదనం, ఉత్సాహం రెండూ ఆ చోటు నుంచే పుడతాయి. ఇది కేవలం అందం కోసం చెప్పే మాట కాదు. శరీరం చలిని ఎలా గ్రహిస్తుందో, మన ఇల్లు వేడిని ఎలా పోగొట్టుకుంటుందో చూస్తే ఎవరైనా చేరుకునే నిర్ణయం ఇదే.

చలి గాలిలోనే లేదు

గదిలో మనిషి సుఖంగా ఉన్నాడా లేదా అన్నది దేని మీద ఆధారపడుతుందో డెన్మార్క్ శాస్త్రవేత్త పి.ఓ. ఫాంగర్ 1970లో వెలువరించిన గ్రంథంలో వివరంగా లెక్కగట్టారు. ఆయన తీసుకున్న అంశాలు ఆరు: గాలి ఉష్ణోగ్రత, చుట్టూ ఉన్న గోడలూ నేలా కిటికీల వేడి, గాలి వేగం, తేమ, ఒంటి మీది బట్టలు, మనిషి చేసే పని. భవనాల్లో సుఖాన్ని కొలిచే ప్రమాణాలు ఈ రోజుకీ వీటి చుట్టూనే తిరుగుతాయి. ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. హీటరు ప్రధానంగా మార్చేది మొదటి అంశాన్నే. మిగిలిన ఐదింటిలో నాలుగు మనం చేత్తో మార్చుకోగలిగినవి, అదీ పెద్దగా ఖర్చు లేకుండా.

నేల సంగతే తీసుకుందాం. తెల్లవారుజామున గదిలోని రాతి నేల, దాని మీది చాప దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి. అయినా చాప మీద అడుగు పెడితే ఏమీ అనిపించదు, బండ మీద పెడితే జివ్వుమంటుంది. రాయి మన పాదంలోని వేడిని చరచరా లాగేసుకుంటుంది. నూలు, ఉన్ని లాంటివి తమ పోగుల మధ్య గాలిని పట్టి ఉంచుతాయి కాబట్టి ఆ వేడిని పోనివ్వవు. గ్రానైట్‌కూ నూలు గుడ్డకూ వేడిని ప్రసరింపజేసే శక్తిలో కొన్ని పదుల రెట్ల తేడా ఉంది. అంటే గదిలో గాలి ఒక్క డిగ్రీ పెరగకపోయినా, కూర్చునే చోట ఒక మందపాటి పరుపు పడితే మనిషికి చలి తగ్గుతుంది. మంచానికీ ఇదే సూత్రం. నవారు మంచమో నులక మంచమో అయితే చల్లగాలి కిందనుంచి కూడా తగులుతుంది. అలాంటప్పుడు పైన రెండు దుప్పట్లు కప్పుకోవడం కంటే ఒకటి కప్పుకుని ఒకటి కింద పరుచుకోవడమే మేలు.

ఇందుకు కావలసిన సరుకు మన దగ్గరే తయారవుతోంది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పర్షియా నేత సంప్రదాయంతో ముడిపడిన ఏలూరు ఉన్ని తివాచీలది తరాల చరిత్ర. దక్కనీ గొర్రెల ఉన్నితో కురుమలు నేసే గొంగడి చలినీ వాననూ కూడా ఆపుతుంది, కాస్త తడిసినా వెచ్చదనం పోగొట్టుకోదు. మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెల పెంపకం పెరిగేకొద్దీ దక్కనీ గొర్రె తగ్గింది, దానితో గొంగడి నేసే చేతులూ తగ్గాయి. సింథటిక్ కార్పెట్టు కొనే డబ్బుతో ఒక జంపఖానానో గొంగడినో కొంటే ఇంటికి వెచ్చదనం, ఆ చేతులకు పని రెండూ దొరుకుతాయి. కొనలేని వారికి బొంత ఉండనే ఉంది. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంతలో ప్రతి పొర మధ్యా గాలి నిలుస్తుంది. దాన్ని పేదరికపు గుర్తుగా చూసి దాచేయడం పొరపాటు. వేడిని కాపాడే పనిలో అది ఖరీదైన క్విల్టుకు ఏమాత్రం తీసిపోదు.

తరవాతిది గాలి కదలిక. మూడడుగుల తలుపు కింద అంగుళం సందు ఉందంటే, అది గోడకు ముప్పై ఆరు చదరపు అంగుళాల కన్నం పెట్టినట్టే. రాత్రంతా చల్లగాలి అక్కడినుంచి నేల మీదుగా పాకి వస్తుంది. పాత గుడ్డను చుట్టగా చుట్టి సందుకు అడ్డం పెట్టినా, కిటికీ రెక్కల అంచులకు స్పాంజి పట్టీ అంటించినా తేడా ఆ రాత్రే తెలుస్తుంది. దోమల భయంతో చలికాలంలోనూ ఫ్యాను వేసుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఫ్యాను గదిని చల్లబరచదు, ఒంటిని చల్లబరుస్తుంది. దాని బదులు దోమతెర కట్టుకుంటే దోమలు రావు, లోపలి గాలీ నిలకడగా ఉంటుంది.

ఎండకు దారి ఇద్దాం

చలికాలంలో మన ఇంటికి అతి పెద్ద హీటరు దక్షిణపు కిటికీ. జూన్ నెలలో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన, ఇంకా చెప్పాలంటే కాస్త ఉత్తరం వైపుకి ఉంటాడు. డిసెంబరు 21, 22 తేదీల నాటికి దక్షిణ దిక్కున 49 డిగ్రీల ఎత్తుకు దిగిపోతాడు. కాబట్టి నేల నుంచి ఏడడుగుల ఎత్తున పై అంచు ఉన్న దక్షిణపు కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ ఆరడుగుల లోపలిదాకా వచ్చి పడుతుంది. పైన రెండడుగుల సన్‌షేడ్ ఉన్నా నాలుగు అడుగులైనా వస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున తెరిచిన కిటికీ ప్రతి చదరపు మీటరు గుండా అయిదు వందల వాట్లకు అటూ ఇటూగా వేడి లోపలికి చేరుతుంది. చిన్నపాటి హీటరు ఉచితంగా నడుస్తున్నట్టే. ఆ ఎండ పడే చోట బండను కప్పకుండా వదిలేస్తే అది వేడిని దాచుకుని సాయంత్రం మెల్లగా తిరిగి ఇస్తుంది. కూర్చునే చోట జంపఖానా, ఎండ పడే చోట ఖాళీ నేల అన్న చిన్న నియమం పాటిస్తే రాతి నేలే మనకు సాయం చేస్తుంది.

దక్షిణపు కిటికీ తెరవడానికి చాలామందికి రెండు అభ్యంతరాలు. మొదటిది వాస్తు. దక్షిణం వైపు తెరుపులు తక్కువ ఉండాలన్న నమ్మకం ఉన్నవాళ్లు కొత్తగా కిటికీ పెట్టుకోనక్కర్లేదు. ఉన్న కిటికీకి అడ్డంగా నిలబెట్టిన బీరువాను పక్కకు జరిపి, పరదాను పదకొండు నుంచి మూడు దాకా తీసి ఉంచితే ఏ నమ్మకానికీ భంగం రాదు. రెండోది వేసవి భయం. ఆ కిటికీ మే నెలలో ఇంటిని కాల్చేస్తుందేమోనని సందేహం. మే నెలలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉంటాడు కాబట్టి చిన్న సన్‌షేడే దక్షిణపు కిటికీకి నీడ పడుతుంది. వేసవిలో ఇంటిని అసలు మండించేది పడమటి ఎండ, పైనున్న స్లాబు. చలికాలంలో మనకు మేలు చేసే కిటికీ వేసవిలో కీడు చేయని కిటికీ కావడం మన అక్షాంశం ఇచ్చిన వరం.

పై అంతస్తులో ఉండేవారి చలికి మరో కారణముంది. మబ్బులేని రాత్రి స్లాబు తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. వేసవి కోసం కప్పుకు తెల్ల రంగు వేస్తే చలి ఇంకా పెరుగుతుందని కొందరి వాదన. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చాక ఈ ప్రశ్న మరింత వినిపించింది. పగటిపూట తెల్ల కప్పు ఎండను తక్కువ పీల్చుకుంటుందన్నది నిజమే. కానీ రాత్రిపూట వేడిని వదలడంలో తెల్ల సున్నానికీ మామూలు కాంక్రీటుకూ పెద్ద తేడా లేదు. నాలుగు నెలల వేసవిలో దక్కే ఉపశమనం ముందు కొన్ని వారాల చలిలో పోయేది స్వల్పం. ఆ కొద్ది లోటునూ కిందనున్న వెచ్చని చోటు తీర్చగలదు.

హీటరు కొంటే సరిపోదా?

సూటి ప్రశ్నే, సూటిగానే జవాబు చెప్పుకోవాలి. రెండు వేల వాట్ల రూమ్ హీటరు గంటకు రెండు యూనిట్ల కరెంటు తాగుతుంది. రోజుకు ఐదు గంటలు నడిపితే నెలకు మూడు వందల యూనిట్లు, మామూలు కుటుంబం బిల్లును పై స్లాబుకు నెట్టేసేంత. సందులున్న తలుపులు, ఒంటి అద్దాల కిటికీలు ఉన్న ఇంట్లో ఆ వేడి ఎక్కువసేపు నిలవదు కూడా. మరి అవసరం లేదా అంటే, కొందరికి ఉంది. చలికి రక్తపోటు పెరుగుతుంది. వయసు మళ్లినవారికి చలి తగులుతున్న సంగతి కూడా ఆలస్యంగా తెలుస్తుంది. శీతల దేశాల ఇళ్లలో వేడి 18 డిగ్రీలకు తగ్గకుండా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. మన మైదానాల్లో పక్కా ఇళ్లు ఆ గీత కంటే బాగా కిందికి పోయే రాత్రులు తక్కువ. కొండ ప్రాంతాల్లో ఎక్కువ. ముసలివారు, పసిపిల్లలు, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు పడుకునే గదిలో హీటరు విలాసం కాదు, అవసరం. అక్కడ కూడా తలుపు సందు మూశాకే దాన్ని వేయాలి, పరదాలకూ దుప్పట్లకూ దూరంగా ఉంచాలి.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పనికిరాదు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవడం ప్రాణాంతకం. కాలే బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవారికి ప్రమాదం తెలిసే అవకాశమే ఉండదు. గాలి ఆడని బాత్రూములోని గ్యాస్ గీజరుకూ ఇదే హెచ్చరిక. కుంపటి ఆరుబయటికే, భోగి మంట వాకిట్లోకే. ఇల్లు వెచ్చగా ఉండాలంటే కిటికీలు రోజంతా మూసేయాలన్న అపోహనూ వదులుకోవాలి. చలికాలపు ఉదయాల్లో చల్లగాలి నేలకు అంటిపెట్టుకుని ఉండి పొగనూ దుమ్మునూ కిందే నిలిపేస్తుంది. ఎండెక్కాక గాలి కలిసిపోయి కొంత తేటపడుతుంది. కాబట్టి మధ్యాహ్నం కిటికీలు బార్లా తెరిచి, పొద్దుగూకక ముందే మూయడం వేడికీ ఆరోగ్యానికీ కూడా మంచిది.

దీపం కిందికి దిగాలి

వెచ్చదనం తరవాత ఉత్సాహం. అది ప్రధానంగా వెలుతురు మీద ఆధారపడుతుంది. చలికాలపు దిగులును ఒక రుగ్మతగా నార్మన్ రోసెంథాల్ బృందం 1984లో వర్ణించింది. అది ఎక్కువగా పగలు బాగా కురచబడే ఉత్తరాది దేశాల సమస్య. హైదరాబాద్‌లో డిసెంబరు పగలు కూడా పదకొండు గంటలుంటుంది, జూన్ కంటే రెండు గంటలే తక్కువ. అక్కడి రోగాన్ని తెచ్చి మనకు అంటగట్టుకోనక్కర్లేదు. కానీ మనం ఆ పదకొండు గంటల పగటినీ లోపల కూర్చునే పోగొట్టుకుంటున్నాం. ఆరుబయట నిండు ఎండలో వెలుతురు లక్ష లక్స్ దాకా ఉంటే, మామూలు గదిలో కొన్ని వందలకు మించదు. పొద్దున్న పూట బాల్కనీలోనో మేడ మీదనో అరగంట కూర్చుని కాఫీ తాగడం, కూరగాయలు తరుక్కోవడం ఏ దీపమూ ఇవ్వలేని ఉత్సాహాన్నిస్తాయి.

సాయంత్రానికి లెక్క మారుతుంది. నవంబరు చివరికి హైదరాబాద్‌లో 5:40కే పొద్దు గూకుతుంది, విశాఖలో ఇంకా ముందే. అప్పుడు మనం వేసేది గోడ నెత్తిన ఉండే తెల్లటి ట్యూబు. అలాంటి దీపాలపై 6500 కెల్విన్ అని రాసి ఉంటుంది, అంటే నీలం పాలు ఎక్కువున్న పట్టపగటి వెలుతురు. వంటగదికీ, పిల్లల చదువుకూ అది మంచిదే. కానీ రాత్రి పొద్దుపోయే దాకా అదే వెలిగితే నిద్రను పిలిచే మెలటోనిన్ ఊట తగ్గుతుంది. 2700 కెల్విన్ వార్మ్ వైట్ బల్బు పసుపు కలిసిన వెలుతురిస్తుంది, ధరలో పెద్ద తేడా ఉండదు. ఎంచుకున్న చోట అలాంటివి రెండు, కూర్చున్న మనిషి కంటి ఎత్తుకు తగ్గట్టు కిందికి అమర్చి, పైనున్న ట్యూబు ఆపేస్తే గది చిన్నదిగా, దగ్గరగా అనిపిస్తుంది. నడిశీతకాలంలో పగలు ఏడు గంటలే ఉండే కోపెన్‌హేగన్‌లో ఇళ్ల నిండా చిన్న చిన్న దీపాలు పెట్టుకునే తీరు ఇదే. వారి కొవ్వొత్తుల్ని కూడా అనుకరించాల్సిన పనిలేదు. మూసిన గదిలో కొవ్వొత్తి, అగరొత్తి, దోమల కాయిల్ అన్నీ పొగ పెట్టేవే. కార్తీక దీపం తులసికోట దగ్గరా గడప మీదా వెలగడంలో భక్తితో పాటు మంచి వివేకమూ ఉంది.

మనిషికి మనిషే వెచ్చన

ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి దాదాపు వంద వాట్ల వేడి వెలువడుతుంది. నలుగురు నాలుగు గదుల్లో ఉంటే ఆ వేడి చెదిరిపోతుంది. ఒక్క చోట కూర్చుంటే నాలుగు వందల వాట్లు అక్కడే ఉంటాయి. జపాన్ వాళ్లు బల్ల కింద చిన్న హీటరు పెట్టి, పైన బొంత కప్పి, దాని చుట్టూ కాళ్లు చాపుకుని కూర్చునే కొటాట్సు ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. ఇరాన్‌లోని కొర్సీ కూడా అలాంటిదే. రెండు వేర్వేరు నాగరికతలు ఒకే నిర్ణయానికి వచ్చాయి: గదిని వేడి చేయడం కంటే మనుషుల్ని దగ్గరికి చేర్చడం తేలిక. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇళ్లలో ప్రతి గదికీ వేడి గాలి అందుతుంది. న్యూజెర్సీలో డిసెంబరు పగలు తొమ్మిది గంటల పైచిలుకే అయినా ఇంట్లో ఎవరికీ వణుకు రాదు. అయితే ప్రతి గదీ వెచ్చగా ఉన్నప్పుడు ఒక్కచోట చేరాల్సిన అవసరం వాతావరణం కల్పించదు. ఆ అవసరాన్ని మనుషులే పూనుకుని కల్పించుకోవాలి.

మన చలికాలపు ఆచారాల్లో ఈ పూనిక పుష్కలంగా ఉంది. ధనుర్మాసమంతా వాకిట్లో ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసు రాక, సంక్రాంతికి బొమ్మల కొలువు, గోదావరి సీమలో అరిసెలు, తెలంగాణలో సకినాలు. ఏడాదిలో ఇల్లు కదలడానికి బద్ధకించే నెలలోనే మన పెద్దలు ఇంతటి సందడిని పేర్చారు. ముగ్గు కోసం తెల్లవారకముందే లేచి వంగి లేచే ఒంటికి వేడి పుడుతుంది, బంతీ చామంతీ విరగబూసే కాలం కాబట్టి రంగులకు లోటుండదు. పొయ్యి దగ్గర సకినాలు చుట్టే గుంపుకు వేరే హీటరు అక్కర్లేదు. ఫాంగర్ చెప్పిన ఆరో అంశం, మనిషి చేసే పని, ఇక్కడ పండుగ రూపంలో కనిపిస్తుంది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఈ సందడి భారమంతా ఆడవాళ్ల నెత్తిన పడుతోంది కదా? నిజం. చలిలో వాకిలి చల్లడం, గంటల తరబడి పిండివంటలు వండడం, ఆ తరవాత చల్లటి నీళ్లతో అంట్లు తోమడం ఒక్కరి పనే అయితే అది ఆ ఒక్కరికి ఆనందం కాదు. ఇంటి ఉత్సాహం ఇంట్లో ఒకరి అలసట మీద నిలబడకూడదు. ముగ్గు పిండి మగపిల్లాడి చేతికీ, అప్పాల కర్ర ఇంటాయన చేతికీ వస్తేనే ఆ చోటు అందరిదీ అవుతుంది. అంట్ల దగ్గర వేడినీళ్లు పెట్టడం, అలంకరణ కంటే ముందు చేయాల్సిన పని.

అందరి ఇళ్లూ ఒకటి కావు

ఇవన్నీ పక్కా ఇల్లున్నవారికేనా అని అడగవచ్చు. అద్దె ఇంట్లో ఉండేవారికి ఇబ్బంది లేదు. జంపఖానా, బల్బు, గుడ్డ చుట్ట అన్నీ ఇల్లు మారితే వెంట వచ్చేవే. అసలు కష్టం రేకుల ఇళ్లది. రేకు పలచన, పొద్దుగూకిన కొద్దిసేపటికే చల్లబడుతుంది. తెల్లవారుజామున దాని అడుగున మంచు చెమ్మ పట్టి చుక్కలు రాలుతాయి. రేకుకూ మనిషికీ మధ్య కొంత ఖాళీ ఉంచి వెదురు తడికతో మరో పొర కట్టగలిగితే చలికీ, రేపటి వేసవికీ అదే రక్ష. పొయ్యి పక్కన మాత్రం అలాంటిది కట్టకూడదు. ఇంకా నేల మీద పడుకునేవారికి చలికాలంలో రగ్గులు పంచే దాతలు ఒక్క మార్పు చేయాలి. కప్పుకునే రగ్గుతో పాటు కింద పరుచుకునే మందపాటి చాపో బొంతో ఇవ్వాలి. పైన ఎంత కప్పుకున్నా కింది నేల వేడిని లాగేస్తూనే ఉంటుంది.

చివరి అభ్యంతరం: ఆరు వారాల చలికి ఇంత హడావుడి అవసరమా? ఆరు వారాలంటే నలభై రోజుల పైనే. పరీక్షలకు చదివే పిల్లలకూ, కీళ్ల నొప్పులతో ఉన్న పెద్దలకూ అవి చిన్న రోజులు కావు. పైగా చెప్పినవాటిలో ఖర్చు కంటే పూనిక ఎక్కువ. బీరువా జరపడం, సందు మూయడం, జంపఖానా పరవడం, బల్బు మార్చడం, నలుగురినీ పిలిచి కూర్చోబెట్టడం. మొదటి నాలుగూ ఒక ఆదివారం పూట ముగుస్తాయి. ఐదోదే ఇంటికి ప్రాణం. ఫోన్లు పక్కన పెట్టి, వేయించిన పల్లీలో నువ్వులుండలో ముందు పెట్టుకుని, రోజూ ఓ గంట ఇంటిల్లిపాదీ ఆ చోట చేరితే చలికాలం ఓర్చుకోవలసిన కాలంగా ఉండదు. ఎదురుచూసే కాలమవుతుంది. ఈ ఆదివారం మీ ఇంట్లో ఎండ ఏ కిటికీలోంచి ఎంత లోపలికి వస్తోందో చూడండి. అక్కడినుంచి మొదలుపెట్టండి.